ప్లగ్గు పెట్టకండి!

“ప్లగ్గు పెట్టకండి!” అని నేను పెట్టిన కేకకి ఆ పెద్దావిడ చేతిలోని వైరు జారి కింద పడింది.

ఇది 2012 వేసవి నాటి సంగతి. కొలంబస్‌లో మా వీధి చివరి ఇంట్లో ఒక్కరే ఉండే ఎనభై ఆరేళ్ళ ఆవిడ, ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, బేస్‌మెంటులోని సామానంతా గరాజులో పెట్టి అమ్ముతున్నారు. అందులో పాత దుప్పటి కింద ఒక చెక్కపెట్టె కనబడింది. ముందువైపు టిఫిను పళ్ళెమంత గాజు తెర, పక్కన స్పీకరు, కింద వరసగా నాబులు. నేను వంగి చూస్తుంటే, “పనిచేస్తుందేమో చూద్దాం ఉండు” అంటూ ఆవిడ వైరు అందుకున్నారు. అప్పుడు వేశాను ఆ కేక. పక్కనే ఉన్న మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయిందట. పరాయి ఇంట్లో, పెద్దావిడ మీద అలా అరుస్తారా అని ఇంటికొచ్చాక తలంటింది.

అరవడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే ముందు మా నాన్నగారి రేడియో కథ చెప్పాలి.

మా ఊరు తెనాలి. మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కి, పచ్చకన్ను నెమ్మదిగా తెరుచుకున్నాక విజయవాడ కేంద్రం వినిపించేది. ఉషశ్రీ గారి రామాయణ, భారత ఉపన్యాసాల వేళకి మా అరుగు నిండిపోయేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి రేడియో లైసెన్సు కట్టిరావడం నాన్నగారికి ఒక పండగ. తరవాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టీవీ వచ్చింది, ఆ రేడియో అటకెక్కింది.

1991లో నాన్నగారి సంవత్సరీకానికి వెళ్ళాను. కార్యక్రమాలన్నీ అయ్యాక అమ్మ, “ఒరేయ్, ఆ రేడియో ఓసారి పెట్టరా, వినాలని ఉంది” అంది. అటక మీంచి దింపి, దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. గుయ్యిమని పెద్ద రొద వచ్చింది. నేను తేరుకునే లోపల వెనకనించి పొగ, తారు కాలిన వాసన. అంతే. అమ్మ ఏమీ అనలేదు. “పోనీలేరా, ఆయనతోనే వెళ్ళిపోయింది” అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు ఆ రేడియోని రిక్షాలో వేసుకుని, బజారులో రేడియోలు బాగుచేసే మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయన షాపు కట్టేసి చాలా కాలమయింది. వెనక అట్ట తీసి చూసి, “ట్రాన్స్‌ఫార్మర్ పోయింది బాబూ. చేతులు వణుకుతున్నాయి, నా వల్ల కాదు” అన్నారు. కాసేపాగి, “ఒక్క బల్బు అడ్డం పెట్టి ఉంటే బతికేదయ్యా” అన్నారు. ఆయన షాపు గోడకి చెక్కపలక మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు ఉండేవి. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అదెందుకో అడగాలని ఎప్పుడూ తోచలేదు. మరుసటేడు ఆ రేడియో పాతసామాన్లవాడి బండెక్కిందని తమ్ముడు ఉత్తరం రాశాడు.

నేను సివిల్ ఇంజనీర్ని. వంతెనలు కట్టుకుని బతికినవాణ్ణి. వాల్వుల జోలికి రావడానికి ఆ బల్బే కారణం. దాని అర్థం తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టి, ముందు రేడియోలు, తరవాత టీవీలు బాగుచేసే పిచ్చిలో పడ్డాను.

ఇంతకీ ప్లగ్గు పెడితే ఏమవుతుంది? పాత సెట్టులో కెపాసిటర్లని కొన్ని ఉంటాయి. వాటిలో పెద్దవి, విద్యుత్తుని నిలవచేసి నిలకడగా అందించేవి, అల్యూమినియం రేకు చుట్టలు. రేకు మీద కంటికి కనబడనంత పలచటి ఆక్సైడు పొర ఉంటుంది. విద్యుత్తుని అడ్డుకునేది ఆ పొరే. తమాషా ఏమిటంటే, రోజూ వాడుతుంటేనే ఆ పొర నిలుస్తుంది. ఏళ్ళ తరబడి వాడకపోతే తోడని బావి పూడినట్టు పాడవుతుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే అడ్డుకోవాల్సిన కెపాసిటరు తలుపులు బార్లా తెరుస్తుంది. ఆ దెబ్బకి వాల్వు, దాని వెనక ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాయి. పది లంఖణాలు చేసిన రోగిని లేపి పెళ్ళి భోజనానికి కూర్చోబెట్టినట్టన్నమాట.

మేస్త్రి గారి బల్బు పథ్యం లాంటిది. మామూలు ఫిలమెంటు బల్బుని సెట్టుతో సిరీస్‌లో కలిపితే, సెట్టులోకి వెళ్ళే కరెంటంతా బల్బు గుండానే వెళ్ళాలి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలిగి ఆ భారమంతా తానే మోస్తుంది, సెట్టు బతికిపోతుంది. షార్టు లేకపోతే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. పది రూపాయల బల్బు చెప్పే జాతకం అది. రేడియోకి ఒక బల్బు చాలు. మూడు వందల వాట్లు తాగే పాత టీవీకి మూడు నాలుగు బల్బులు పక్కపక్కన కావాలి. ఎల్‌ఈడీ బల్బులు ఈ పనికి రావు. అమెరికాలో 2023 ఆగస్టు నుంచి మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం ఆగిపోయింది. ముందే పసిగట్టి నేను రెండు డజన్లు దాచుకున్నాను. ఊరగాయ జాడీల పక్కన అవేమిటని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది.

సరే, ఆ పెద్దావిడ పెట్టె దగ్గరికి వద్దాం. అది ఆర్.సి.ఏ. కంపెనీ వారి 630-టి.ఎస్. అనే మోడలు. టీవీ చరిత్ర తెలిసినవాళ్ళు దాన్ని ఫోర్డు మోడల్-టి కారుతో పోలుస్తారు. 1927లో ఫైలో ఫార్న్స్‌వర్త్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో బొమ్మని పంపి చూపించాడు. ఆర్.సి.ఏ.లో జ్వోరికిన్ బృందం అదే దారిలో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి టీవీల తయారీని ఆపేసింది. యుద్ధం అయ్యాక, 1946లో, పెద్ద ఎత్తున తయారై జనం ఇళ్ళలోకి వచ్చిన సెట్టు ఇది. 10 అంగుళాల తెర, 30 వాల్వులు, సుమారు 350 డాలర్ల ధర. 1947లో సగటు అమెరికన్ కుటుంబం ఏడాది సంపాదన మూడు వేల డాలర్లని గుర్తుంచుకుంటే ఆ ధర ఎంతో తెలుస్తుంది. ఛానెల్ తిప్పే నాబు మీద 1 అంకె కూడా ఉంటుంది. 1948లో ప్రభుత్వం ఒకటో ఛానెల్‌ని టీవీల నుంచి తీసేసింది. ఇప్పటికీ అమెరికా టీవీ ఛానెళ్ళు రెండుతో మొదలవడానికి కారణం అదే.

ఆ దంపతులు అప్పట్లో న్యూజెర్సీలో ఉండేవారట. 1947లో బేస్‌బాల్ ప్రపంచ సిరీస్‌ని మొదటిసారి టీవీలో చూపించారు. అది చూడాలని కొత్త పెళ్ళికొడుకు అప్పుచేసి ఈ సెట్టు కొన్నాడట. వీధంతా వాళ్ళింట్లోనే ఉందట ఆ వారం. వింటుంటే నాకు 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వేళ టీవీ ఉన్న ఇళ్ళు గుర్తొచ్చాయి. “డబ్బు ఇవ్వక్కర్లేదు, పట్టుకుపో. వెలిగితే ఒక్కసారి చూపించు” అన్నారు ఆవిడ. నేను సరేనన్నాను. ఎంత పెద్ద మాట ఇచ్చానో అప్పుడు తెలియలేదు.

మన దేశంలో టీవీ 1959లో ఢిల్లీలో మొదలైనా, హైదరాబాదు కేంద్రం వచ్చేసరికి 1977 అయింది. అందుకని పూర్తిగా వాల్వులతో నడిచే టీవీని మనలో చాలామంది చూసి ఉండరు. పని ఎలా సాగుతుందో కాస్త వివరంగా చెబుతాను.

మొదటి పని ఏ పనీ చెయ్యకపోవడం. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. ఎలుక గూళ్ళు ఏరెయ్యాలి. తరవాత సర్క్యూటు బొమ్మ సంపాదించాలి. ఇండియానాపోలిస్‌లో హోవర్డ్ శామ్స్ కంపెనీ 1946 నుంచి ప్రతి మోడలుకీ ఫొటోలతో, కొలతలతో ఫొటోఫాక్ట్ అనే ఫోల్డర్లు అచ్చువేసింది. అవి చేతిలో లేకుండా మొదలుపెట్టడం అడ్రసు లేకుండా పెళ్ళిసంబంధానికి బయల్దేరడం లాంటిది.

రెండోది, పిక్చర్ ట్యూబుని పరీక్షించడం. అది చచ్చిపోయి ఉంటే మిగతా శ్రమంతా వృథా. ఇది జాగ్రత్తగా చెయ్యాలి. లోపలంతా శూన్యం, బయట గాలి ప్రతి చదరపు అంగుళం మీదా 14.7 పౌండ్ల బరువుతో నొక్కుతుంటుంది. 10 అంగుళాల తెర ముఖం మీదే వెయ్యి పౌండ్లు దాటుతుంది లెక్క వేస్తే. మెడ దగ్గర దెబ్బ తగిలితే గాజుపెంకులు లోపలికి దూసుకుపోయి, ఎదురుగా ఉన్నవాడి మీదకి వస్తాయి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. సెట్టు ఆపేశాక కూడా ట్యూబులో వేల వోల్టుల ఛార్జి నిలవ ఉండొచ్చు. దాన్ని ముందు వదిలించాలి. పాత మెకానిక్కులు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచేసేవారు. షాకు కొట్టినా కరెంటు ఒక చేతినించి రెండో చేతికి గుండె మీదుగా పోకుండా.

మూడోది, కెపాసిటర్లు మార్చడం. ఇదే అసలు చాకిరీ. పెద్దవి కాక, చిన్నవి ముప్ఫై పైచిలుకు ఉన్నాయి ఆ సెట్టులో. కాగితం, రేకు కలిపి చాపలా చుట్టి మైనంలో ముంచినవి. ఏళ్ళు గడిచేసరికి కాగితం చెమ్మ పీల్చుకుని కరెంటుని కారుస్తుంది. ఒక వాల్వు నించి రెండో వాల్వుకి కబురు మాత్రమే పంపాల్సింది, కబురుతోపాటు వందల వోల్టుల దెబ్బ కూడా పంపుతుంది. కాబట్టి అన్నిటినీ మార్చాల్సిందే. అన్నీ ఒకేసారి కత్తిరించి పారేస్తే ఏది ఎక్కడిదో బ్రహ్మకి కూడా తెలియదు. ఒకటి తియ్యాలి, దాని చోట కొత్తది మాటు వెయ్యాలి, సర్క్యూటు బొమ్మ మీద టిక్కు పెట్టాలి, అప్పుడు రెండోది. దీంట్లో మాకు రెండు మతాలున్నాయి. కొత్త కెపాసిటరు కొత్తగానే కనబడనివ్వండి, దాచడమెందుకు అనేది ఒకటి. పాత మైనపు గొట్టాన్ని వేడిచేసి, లోపలిది లాగేసి, కొత్తదాన్ని అందులో దాచాలనేది రెండోది. నేను రెండో మతంలో పుట్టి, నలభై దాటిన కళ్ళజోడు నంబరుతో మొదటి మతంలోకి మారాను.

అన్నీ మార్చాక, బల్బుల పథ్యంతో నెమ్మదిగా కరెంటు ఇచ్చాను. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. స్పీకర్లో గరగర వచ్చింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఒక రోజు కాదు, మూడు వారాలు.

ఇక్కడ టీవీ బొమ్మ ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో చెప్పాలి. ట్యూబు వెనక నించి బయల్దేరిన ఎలక్ట్రాన్ల ధార తెరని నాగలి పొలాన్ని దున్నినట్టు దున్నుతుంది. ఒక బొమ్మకి 525 చాళ్ళు, సెకనుకి 30 బొమ్మలు. అంటే సెకనుకి 15,750 చాళ్ళు. ఒక్కో చాలు చివర ధార చటుక్కున మొదటికి ఎగిరి రావాలి. అందుకోసం ఒక తీగచుట్టలోని కరెంటుని హఠాత్తుగా తెంపుతారు. పారే కుళాయిని చప్పున కట్టేస్తే గొట్టం దడేలుమంటుంది చూశారా, అలా అక్కడ తొమ్మిది వేల వోల్టుల దాకా పుడుతుంది. ఆ వోల్టేజితోనే తెర వెలుగుతుంది. అంటే ధారని వెనక్కి తిప్పే పని పాడైతే వెలుగూ ఉండదు. ఈ లెక్క తెలిస్తే బొమ్మని చూసి రోగం చెప్పొచ్చు, నాడి చూసినట్టు. తెర మధ్యన ఒకే ఒక్క అడ్డగీత ఉంటే, నిలువుగా తిప్పే భాగం చచ్చిందన్నమాట. వెలుగు పెంచినకొద్దీ బొమ్మ ఉబ్బి మసకబారితే, హై వోల్టేజి నీరసపడిందన్నమాట. అసలేమీ లేకపోతే?

ధారని తిప్పే భాగాన్నంతటినీ మూడుసార్లు పరీక్షించాను. ఏ తప్పూ దొరకలేదు. మా ఊరి పక్కనే హిలియర్డ్‌లో, 2000ల మొదట్లో ప్రారంభమైన ఎర్లీ టెలివిజన్ మ్యూజియం ఉంది. అక్కడ ఏటా జరిగే సంతకి వెళ్ళి నా గోడు వెళ్ళబోసుకుంటే, ఒక ముసలాయన నవ్వి, “మెడ మీద అయస్కాంతం ఎటు తిప్పి పెట్టావు?” అన్నాడు. అప్పుడు తెలిసింది. తుడవడానికి తీసిన అయస్కాంతాన్ని నేను తలకిందులుగా పెట్టాను.

ఆ అయస్కాంతం వెనక మంచి ఉపాయం ఉంది. ధారలో ఎలక్ట్రాన్లతో పాటు బరువైన అయానులు కూడా కొన్ని ఉంటాయి. అవి తెర మధ్యలోనే కొట్టుకుని మచ్చ పెడతాయి. అందుకని ట్యూబులో ధార పుట్టే చోటుని కావాలనే వంకరగా కట్టారు, అన్నీ పోయి గోడకి తగిలేట్టు. మెడ మీద అయస్కాంతం పెడితే తేలికైన ఎలక్ట్రాన్లు వంగి దారిలో పడి తెరని చేరతాయి. బరువైన అయానులు వంగక గోడకే పోతాయి. మన కళ్ళంలో తూర్పారబట్టడం ఇదే కదా! నేను అయస్కాంతం తిరగేసేసరికి గింజా పొల్లూ కూడా గోడపాలయ్యాయి. ముసలాయన ఇంకో మాట చెప్పాడు. అలా ఎక్కువసేపు నడిపితే ధార లోపలి లోహాన్ని కాల్చి ట్యూబుని చంపేస్తుందట. నా ఒళ్ళు జల్లుమంది. నాన్నగారి రేడియోకి చేసిన పనే మళ్ళీ చెయ్యబోయాను, ఈసారి అన్నీ తెలిసి.

ఎందుకంత భయమంటే, వాల్వులు ఇంకా దొరుకుతాయి. ఒకప్పుడు అమెరికాలో ప్రతి మందులషాపులోనూ వాల్వులు పరీక్షించుకునే యంత్రం ఉండేది కాబట్టి, పాత సరుకు అటకల మీద గుట్టలుగా మిగిలింది. కెపాసిటర్లు కొత్తవే వస్తాయి. పిక్చర్ ట్యూబు మాత్రం ఇంక పుట్టదు. నీరసపడిన ట్యూబు మెడ కోసి, కొత్త గన్ను పెట్టి, కొలిమిలో వేడిచేస్తూ గాలి తోడి మళ్ళీ మూసే కార్ఖానాలు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. అమెరికాలో ఆఖరిది, అయోవా రాష్ట్రంలో డీ మోయిన్‌లోది, 2010లో మూతపడింది. 1954లో వెయ్యి డాలర్లకి అమ్మిన ఆర్.సి.ఏ. తొలి రంగుల సెట్టు సిటి-100 సంగతి మరీ ఘోరం. దాని ట్యూబులో గాజూ లోహమూ అతికిన చోట కాలం గడిచేకొద్దీ గాలి దూరుతుంది. వాడకుండా బీరువాలో దాచినా చచ్చిపోతుంది. కాబట్టి మేం చేసేది అమరత్వం ఇవ్వడం కాదు, గడువు పెంచడం. వెలిగించిన ప్రతి గంటా ట్యూబు ఆయుష్షులోంచి తీసిందే.

అయస్కాంతం సరిచేసిన రోజున, మా అమ్మాయి కొడుకు, ఆరేళ్ళవాడు, బేస్‌మెంటులో నా పక్కన కూర్చున్నాడు. స్విచ్చి వేశాను. పావు నిమిషం, అర నిమిషం. ఇంకా తెర నల్లగానే ఉంది. వాడు చటుక్కున చెవులు మూసుకుని, “తాతా, అది ఈల వేస్తోంది!” అన్నాడు. నాకేమీ వినపడలేదు. సెకనుకి 15,750 సార్లు ఊగే ఆ చుట్ట చేసే చప్పుడది. వయసుతో ముందుగా పోయే వినికిడి అంత సన్నటి ధ్వనులదే. చెవి నాకు పోయింది, వాడికి ఉంది. మెదిలితే చాలు, బతికే ఉందని నాడి దొరికినట్టయింది. ఇంకో నాలుగు క్షణాలకి తెర తెల్లవారింది. అప్పటినించి ప్రతి సెట్టుకీ వాడి చెవే నా మీటరు.

2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. కాబట్టి ఆ సెట్టుకి ఆకాశంలోంచి ఏమీ రాదు. డివిడి ప్లేయరుకి మాడ్యులేటర్ తగిలించి మూడో ఛానెల్లో పంపాలి. నా దగ్గరున్నది 1957 నాటి ‘మాయాబజార్’, 2010లో రంగులు వెయ్యకముందుది. తెర కొలతలు కూడా చక్కగా సరిపోయాయి. ప్రియదర్శిని పెట్టెలో ఎవరికి ప్రియమైనది వారికి కనబడే ఘట్టం, పదంగుళాల చెక్కపెట్టెలో చూశాం తాతా మనవళ్ళం.

ఆ శనివారం పెద్దావిడని కూతురు కారులో తీసుకొచ్చింది. ఆవిడకోసం పాత బేస్‌బాల్ ఆట ఒకటి పెట్టి ఉంచాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని చాలాసేపు చూశారు. చివరికి, “ఇంత చిన్నదా! అప్పట్లో చాలా పెద్దదిగా ఉండేది” అన్నారు. వెళ్ళేటప్పుడు స్విచ్చి తనే ఆపుతానన్నారు. బొమ్మ కుంచించుకుపోయి తెర మధ్యన ఒక చుక్కగా మిగిలి, అదీ ఆరిపోయేదాకా కదలలేదు.

ఈసారి మీరు ఇండియా వెళ్ళినప్పుడు అటక మీద తాతగారి రేడియో కనబడొచ్చు. అమ్మో, పిన్నో ఓసారి పెట్టమని అడగొచ్చు. దయచేసి ప్లగ్గు పెట్టకండి. తుడిచి, అలాగే ఉంచి, బజారులో పాత మేస్త్రి ఎవరైనా మిగిలారేమో వాకబు చెయ్యండి. ఉంటే ఆయన గోడ మీద బల్బు ఎందుకో నా బదులు మీరు అడగండి.